పిడి మారిస్తే పాత చాకు మళ్లీ చేతికొస్తుంది

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వైపు ఇళ్లల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఫ్రిజ్, పరుపులు, బీరువా, పిల్లల పుస్తకాలు... నష్టాల జాబితాలో ఇవన్నీ ఉంటాయి. సొరుగులో పడి ఉన్న మడత చాకు ఎవరి జాబితాలోనూ ఉండదు. అలా నీళ్లలో నానిన చాకును తీసి చూస్తే మాత్రం ఒక సంగతి తెలుస్తుంది. బ్లేడు మీద తుప్పు చాలావరకు పైపైనే ఉంటుంది, నూనె వేసి రుద్దితే వదులుతుంది. పాడయ్యేది పిడి. చెక్క ఉబ్బి పగులుతుంది, రివెట్లు వదులవుతాయి, పట్టుకుంటే కదులుతుంది. ఇంకేం పనికొస్తుందిలే అని పారేస్తారు.

దీనికి వరదే రానక్కర్లేదు. కృష్ణా డెల్టా గాలిలో ఉండే తేమకే పదేళ్లలో పిడి వదులవుతుంది. తాతగారు మామిడిపండు కోసిన చాకు, నాన్న అత్తరు సీసాల పార్సిళ్లు విప్పిన చాకు, బ్లేడు బాగానే ఉన్నా పిడి పోయిందని పాత ఇనుప సామానులో కలిసిపోతుంది.

నిజానికి మడత చాకు పిడి అంటే రెండు పక్కల బిగించిన రెండు పలకలు, అంతే. వాటిని తీసి కొత్తవి వేసుకోవచ్చు. ఈ పని అబ్బినవాళ్లు నెమ్మదిగా చాకులు దాచుకోవడం కూడా మొదలుపెడతారు. ప్రపంచమంతటా ఇదొక పెద్ద సరదా. మన ఇళ్లల్లో పిల్లలు కూడా వీడియోల్లో చూసి దీని మీద మోజు పడుతున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకు రెండు సంగతులు తెలిసి ఉండాలి: పని ఎలా చేస్తారన్నది ఒకటి, ఏ చాకు సరదా, ఏ చాకు పోలీసు కేసు అన్నది రెండోది.

మాట మనదే, ఉక్కూ మనదే

తెలుగులో చాకు అనే మాట ఫారసీ, ఉర్దూల చాఖూ నుంచి వచ్చింది. తెలుగులో పిడి అన్నదాన్ని ఉర్దూలో దస్తా అంటారు. పాతతరం వాళ్లు చిన్న మడత చాకును పేనాకత్తి అనేవారు, ఎందుకంటే దాని మొదటి పని కలం చెక్కడమే. ఉర్దూలో దానికి ఇంకా అందమైన పేరుంది: ఖలంతరాష్. వెదురు, రెల్లు కలాలతో ఖురాన్ ప్రతులు రాసిన ఖత్తాతులకు కలం ఎంత ముఖ్యమో ఖలంతరాష్ అంతే ముఖ్యం. కలం మొన ఎంత వాలుగా తెగిందన్న దాని మీదే అక్షరం లావు, సన్నం ఆధారపడి ఉంటాయి. ఉస్మానీ తుర్కుల కాలంలో ఇవి చేసే ఉస్తాదులు బ్లేడు మీద తమ పేరు ముద్ర వేసేవారు, పిడికి దంతం, పగడం లాంటివి అమర్చేవారు. అంటే చాకు పిడిని ముచ్చటగా మార్చుకోవడం అమెరికా నుంచి కొత్తగా దిగిన సరదా ఏమీ కాదు.

ఉక్కు సంగతైతే ఇంకా దగ్గరిది. ప్రపంచమంతా వూట్జ్ అని పిలిచే ఉక్కు పేరు మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితులు చెప్తారు. గోల్కొండ రాజ్యంలో తయారైన ఉక్కు ముద్దలు ఇరాన్‌కు వెళ్లేవని 17వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాశాడు. గోల్కొండకు సముద్రం మీది వాకిలి మచిలీపట్నం, అంటే మన బందరు. ఇరాన్ వ్యాపారులు అక్కడ స్థిరపడి వ్యాపారం చేసిన కాలం అది. తర్వాత 1820ల్లో వాయ్‌సీ అనే ఆంగ్లేయుడు ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం వెళ్లి అక్కడ ఉక్కు కొలుములు చూశాడు. ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికే వచ్చిన హాజీ హుసేన్ అనే వ్యాపారి తనకు అక్కడ కలిశాడని రాసి పెట్టాడు. డమాస్కస్ కత్తులని పేరుపడ్డ వాటిలో ఈ దక్కను ఉక్కు ఉందన్నది ఇప్పుడు చాలామంది ఒప్పుకునే మాట.

హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడు గది చూడకుండా రావద్దు. నూర్జహాన్ పండ్లు కోసుకున్న చాకు అని చెప్పే చాకు అక్కడుంది. జేడు రాతి పిడి, అందులో పొదిగిన రత్నాలు. చూసేవాళ్ల కళ్లు బ్లేడు మీదికి వెళ్లవు, పిడి మీదే ఆగిపోతాయి. విజయవాడలోనైతే బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో పాత కత్తులు, డాళ్లు ఉన్నాయి. సెలవు రోజు పిల్లల్ని తీసుకెళ్లి పిడులు ఎలా బిగించారో చూపిస్తే బాగుంటుంది.

చాకు ఎలా కట్టారో ముందు చూడాలి

పిడి మార్చాలనుకుంటే మొదట చూడాల్సింది పలకలు దేనితో నిలబడ్డాయన్నదే. మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటిది నొక్కి బిగించే రకం. దీనికి స్విస్ ఆర్మీ చాకే ఉదాహరణ. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్‌లో పెట్టిన కార్ఖానాయే ఇప్పటి విక్టోరినాక్స్. గల్ఫ్ నుంచి సెలవుల మీద వచ్చేవాళ్ల సామానులో అత్తరు, టార్చిలైటుతో పాటు ఈ ఎర్ర చాకు కూడా చాలా ఇళ్లకు చేరింది. దాని ఎర్ర ప్లాస్టిక్ పలకలకు లోపలి వైపు గుంటలుంటాయి. రేకుల మీద పొడుచుకొచ్చిన రివెట్ తలలు ఆ గుంటల్లో టక్కున కూర్చుంటాయి. పాత పలక ఒక చివర పల్చటి బ్లేడు దూర్చి నెమ్మదిగా లేపితే ఊడి వస్తుంది. కొత్త పలకను సరిగ్గా గుంటల మీద పెట్టి, గుడ్డ చుట్టి బొటనవేళ్లతో గట్టిగా నొక్కితే కూర్చుంటుంది. జిగురు అక్కర్లేదు, స్క్రూ అక్కర్లేదు, పది నిమిషాల పని.

కాకపోతే కొలత తప్పితే డబ్బు దండగ. ఈ చాకులు మడిచినప్పుడు 58, 84, 91, 111 మిల్లీమీటర్లు ఇలా వేర్వేరు పొడవుల్లో ఉంటాయి. ఒకదాని పలక ఇంకోదానికి పట్టదు. ఆర్డరు పెట్టే ముందు స్కేలుతో కొలవాల్సిందే. అల్యూమినియం పలకలున్న రకాన్ని మాత్రం ముట్టుకోవద్దు. వాటి పలకలు చాకు కట్టుబడిలోనే కలిసి రివెట్ అయి ఉంటాయి, ఊడదీస్తే చాకంతా విడిపోతుంది. ఇంకో మాట: ఎర్ర పలకల మీద మరకలు పోవాలని నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే అందులోని అసిటోన్‌కు ప్లాస్టిక్ కరిగిపోతుంది.

రెండోది స్క్రూల రకం. ఇప్పటి చాకులు ఎక్కువగా ఇవే. స్క్రూ తల మీద ఆరు మూలల నక్షత్రం గుర్తు ఉంటుంది, దానికి టార్క్స్ డ్రైవరు కావాలి. టీ6, టీ8 సైజులు ఉంటే చాలావరకు సరిపోతాయి. సెల్‌ఫోన్ రిపేరు కిట్లలో ఇవి ఉంటాయి. డ్రైవరు వదులుగా ఉంటే స్క్రూ తల అరిగి గుండ్రమైపోతుంది, తర్వాత దాన్ని ఎవరూ తీయలేరు. అందుకే చవక డ్రైవరుతో మొదలుపెట్టొద్దని చెప్పేది. పలక స్క్రూలు వేరు, బ్లేడు తిరిగే ఇరుసు స్క్రూ వేరు. పలక మార్చడానికి ఇరుసు విప్పాల్సిన అవసరం కొన్ని చాకుల్లో ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. విప్పేటప్పుడు ఒక కాగితం మీద చాకు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే పెట్టుకుంటూ పోతే బిగించేటప్పుడు తలనొప్పి ఉండదు. బ్లేడుకు రెండు పక్కల ఉండే సన్నటి వాషర్లు ఎగిరి పడితే దొరకవు, కింద తువ్వాలు పరుచుకుని కూర్చోవాలి.

మూడోది పిన్నుల రకం, అంటే తాతల చాకు. లోపల రెండు ఇత్తడి రేకులు, వాటి మీద చెక్క, కొమ్ము లేదా ఎముక పలకలు, వాటిలోంచి ఇత్తడి పిన్నులు దూర్చి తలలు సుత్తితో కొట్టి పరిచి ఉంటారు. పని ఎక్కువ, తృప్తి కూడా ఎక్కువ. కొన్ని పిన్నులు పలకను రేకుకు పట్టి ఉంచేవి, కొన్ని వెన్ను వైపు ఉన్న స్ప్రింగ్‌లోంచి పోయేవి. ఒకే చోట రెండు వైపులా పిన్ను తల కనిపిస్తుంటే అది స్ప్రింగ్‌దో ఇరుసుదో కావచ్చు. దాన్ని తీస్తే చాకు ముక్కలుగా చేతిలోకి వస్తుంది, మళ్లీ అమర్చడానికి అనుభవం కావాలి. కొత్తగా చేసేవాళ్లు తాతగారి చాకుతో మొదలుపెట్టకపోవడమే మేలు. వంటింట్లో పిడి ఊగుతున్న కత్తి ఒకటి ఎలాగూ ఉంటుంది. బ్లేడు ఇనుమే పిడి చివరిదాకా సాగి, రెండు పక్కల చెక్కలతో రివెట్ చేసి ఉంటే దాని మీద చేతులు తిప్పుకోవచ్చు. విరిగిపోయే స్ప్రింగ్ లేదు, ఇరుసు లేదు, పోయినా పోయేది ఒక కూరగాయల కత్తి.

పలకకు ఏ సరుకు?

అసలు సరదా అంతా ఇక్కడే ఉంది. ఎక్కడికో ఆర్డరు పెట్టక్కర్లేదు, చుట్టుపక్కల దొరికేవే బోలెడు.

కొండపల్లి బొమ్మల పొనికి కర్ర ముందుగా గుర్తొస్తుంది. విజయవాడకు పక్కనే, పేరున్న కర్ర. కానీ అది చాలా తేలిక, మెత్తన. బొమ్మ చెక్కడానికి అందుకే బాగుంటుంది, చాకు పిడికి అందుకే పనికిరాదు. పిడికి గట్టి కర్ర కావాలి. నల్లతుమ్మ పనిముట్ల పిడులకు తరతరాలుగా వాడుతున్నదే. చింత చేవ ఇంకా గట్టిది, మాంసం కొట్టే దుకాణాల్లో మొద్దు చింతదే ఎందుకు ఉంటుందో కసాయిని అడిగితే చెప్తాడు. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి తేమకు అంత త్వరగా ఉబ్బదు, పని చేయడానికి కూడా సులువు. జిట్టేగి, అదే రోజ్‌వుడ్, అందంలో అన్నిటికంటే ముందుంటుంది. పాత కుర్చీ చెయ్యి, విరిగిన మంచం కోడు ముక్క చాలు, ఒక చాకుకు రెండు పలకలు వస్తాయి. పాత కర్ర ఇంకో రకంగా కూడా మంచిది: దశాబ్దాలుగా ఆరి ఉంటుంది కాబట్టి కొత్తగా వంకర తిరగదు. పచ్చి కర్రతో చేసిన పిడి మొదటి ఎండాకాలానికే పగులుతుంది.

ఎర్రచందనం జోలికి మాత్రం పోవద్దు. రంగు చూసి ముచ్చట పడి ఎవరో తెలిసినవాళ్లు ఇచ్చారని ముక్క తెచ్చుకుంటే, దాని వెనక అటవీ కేసు ఉండొచ్చు. మన రాష్ట్రంలో దాని మీద చట్టం ఎంత కఠినంగా ఉందో పేపర్లు చదివేవాళ్లందరికీ తెలుసు.

కొమ్ము సంగతి. గేదె కొమ్ము పిడికి పాత రోజుల నుంచి వాడుకలో ఉంది. చివర గట్టిగా ఉండే భాగం పలకలకు బాగుంటుంది. వేడి చేస్తే వంగుతుంది, నునుపు చేస్తే నల్లటి అద్దంలా మెరుస్తుంది. చెడ్డగుణాలు రెండు: రుద్దేటప్పుడు కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, పెట్టెలో మర్చిపోతే పురుగులు తింటాయి. ఏనుగు దంతం, జింక కొమ్ము, తాబేటి చిప్ప అలా కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి వ్యాపారం నేరం. అడవిలో రాలిపోయిన జింక కొమ్మే కదా అన్నా కుదరదు. ఇంట్లో పాతకాలం దంతపు పిడి చాకు ఉంటే దాన్ని ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టడం లాంటి పని చేయకుండా ముందు వకీలును అడగాలి.

చాలామందికి తెలియని సరుకు ఒకటుంది, అది హైలం షీటు. హైదరాబాద్‌లో తయారైన బ్రాండు పేరే తెలుగు మెకానిక్కుల నోట వస్తువు పేరుగా స్థిరపడింది. గుడ్డ లేదా కాగితం పొరల్ని రెసిన్‌లో ముంచి, వేడి, ఒత్తిడి పెట్టి చేసే పలక అది. చాకుల లోకంలో మైకార్టా అని ఎక్కువ ధరకు అమ్మే సరుకు కూడా ఈ కుటుంబానిదే. నీళ్లకు ఉబ్బదు, పగలదు, గుడ్డ పొరల రకమైతే రుద్దినకొద్దీ అందమైన గీతలు తేలుతాయి. మోటారు వైండింగు, ప్యానెల్ బోర్డుల పనివాళ్ల దగ్గర ముక్కలు మిగులుతుంటాయి. చాకు ప్రపంచంలో జీ10 అనే ఇంకో సరుకు కూడా వాళ్ల దగ్గరిదే, గాజు నారతో చేసిన ఎపాక్సీ షీటు. ఆటోనగర్‌లో పరిచయం ఉన్నవాళ్లకు పలక కోయించుకోవడం, రంధ్రాలు వేయించుకోవడం పెద్ద పని కాదు. గాజు నార షీటును మాత్రం పొడిగా రుద్దకూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. నీళ్లు చల్లుకుంటూ రుద్దాలి, మూతికి మంచి మాస్కు ఉండాలి. చిన్నపిల్లలు ఉన్న గదిలో ఈ పని అస్సలు వద్దు.

చేతిలో పని

పిన్నుల రకానికి పని వరస ఇలా ఉంటుంది. ముందుగా బ్లేడు మూసి, దాని మీద టేపు చుట్టాలి. తెగేది ఎక్కువగా పని మధ్యలోనే. పిన్ను తలను ఆకురాయితో అరగదీసి, సన్న మేకుతో అవతలికి తట్టాలి. ఊడిన పాత పలక పగిలిందే అయినా పారేయకూడదు, కొత్త పలకకు అదే నమూనా. రెండు ముక్కలైతే కలిపి అతికించి, కొత్త చెక్క మీద పెట్టి గీత గీసుకోవాలి. గీతకు కొంచెం బయటగా కోసి, మిగిలింది బిగించాక రుద్దుకోవచ్చు. ముందే సరిగ్గా కోసేస్తే చివర్లో ఒక పక్క తక్కువ పడుతుంది, అప్పుడు చేయగలిగిందేమీ లేదు.

రంధ్రాలు రేకు లోపలి వైపు నుంచి వేస్తే సరైన చోట పడతాయి. రేకుకు, పలకకు మధ్య జిగురుగా ఫెవికాల్ పనికిరాదు, నీళ్లు తగిలితే వదులుతుంది. ఫెవిక్విక్ పెళుసు, ఒకసారి కింద పడితే ఊడుతుంది. రెండు ట్యూబులు కలిపి వాడే ఆరల్‌డైట్ రకం మంచిది. మామూలు రకాన్ని ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. తర్వాత ఇత్తడి తీగ ముక్కను రంధ్రంలో దూర్చి, రెండు పక్కల కాస్త బయటికి ఉంచి, చిన్న సుత్తితో తేలిగ్గా ఎక్కువసార్లు తట్టాలి. గట్టిగా రెండు దెబ్బలు వేద్దామనుకుంటే పలక పగులుతుంది. ఈ ఒక్క చోటే చాలామంది ఓపిక చాలక మొత్తం పని పాడుచేసుకుంటారు.

రుద్దడానికి 120తో మొదలుపెట్టి 240, 400, 600 ఎమరీ కాగితాల దాకా వెళ్తే చాలు. కర్ర మీద అవిసె నూనె పల్చగా రాసి తుడిచి ఆరబెట్టాలి, రెండు మూడుసార్లు. ఆ నూనె గుడ్డను ఉండ చుట్టి మూలన పడేస్తే దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. తీగ మీద విడదీసి ఆరేసి తర్వాత పారేయాలి.

ఏ చాకును మార్చకూడదు అన్నది కూడా చెప్పుకోవాలి. బ్లేడు మొదట్లో కంపెనీ ముద్ర చదవడానికి వీలుగా ఉండి, అసలు పిడి గట్టిగానే ఉన్న పాత చాకుకు కొత్త పలకలు వేయడం దండగ. కొనేవాళ్ల దృష్టిలో దాని విలువ తగ్గుతుంది. ఇంట్లోవాళ్లకైతే తాత చేతి చెమటతో నల్లబడిన ఆ చెక్కే అసలు వస్తువు. మార్చక తప్పనప్పుడు పాత పలకల్ని కవరులో పెట్టి, ఏ చాకువో రాసి దాచాలి.

చట్టం ఎక్కడ మొదలవుతుంది

రాంపురి చాకు కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో ముస్లిం కారిగర్లు పిడి మీద ఇత్తడి నగిషీలతో చేసిన మంచి చాకు అది. హిందీ సినిమాలు దాన్ని గూండాల చేతి ఆయుధంగా చూపించాయి, ఆ తర్వాత బ్లేడు పొడవు మీద ఆంక్షలు వచ్చాయి, పని చేసే కుటుంబాలు చాలావరకు వేరే దారి చూసుకున్నాయి. 2023లో అక్కడి ఒక కూడలిలో 20 అడుగుల చాకును గుర్తుగా నిలబెట్టారు. కారిగరీ చేతిలోంచి జారిపోయాక విగ్రహం వచ్చింది.

2016 ఆయుధాల నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల పట్టికలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. మామూలు మడత చాకు ఈ కొలతలకు చాలా లోపలే ఉంటుంది. కానీ ప్రాంతాన్ని బట్టి వేరే నోటిఫికేషన్లు ఉంటాయి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ప్రకారం స్ప్రింగ్, గరారీ, బటన్ లాంటి యంత్రంతో తెరుచుకునే చాకు బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు, ఆ పైన ఉంటే దాని మీద ఆంక్షలు ఉన్నాయి. విజయవాడ నుంచి రైలెక్కి నిజాముద్దీన్ వెళ్లే కుర్రాడి బ్యాగులో బటన్ చాకు ఉంటే అక్కడ అది ఆయుధాల చట్టం కేసు దాకా వెళ్లొచ్చు. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కాబట్టి తప్పు లేదులే అన్న మాట స్టేషన్లో పనిచేయదు.

మన ఊళ్లో కూడా పండగలు, ఊరేగింపులు, ఎన్నికల సమయంలో పోలీసులు నిషేధాజ్ఞలు పెడతారు. పాత 144 సెక్షన్, ఇప్పుడు కొత్త చట్టంలో 163. అప్పుడు కర్ర పట్టుకుని తిరిగినా ప్రశ్నిస్తారు, జేబులో చాకు సంగతి చెప్పక్కర్లేదు. నూజివీడు తోటకు మామిడికాయలకు వెళ్తూ పట్టుకెళ్లిన చాకుకు కారణం చెప్పొచ్చు. రాత్రి పదకొండుకు టీ కొట్టు దగ్గర జేబులో దొరికిన చాకుకు ఏం చెప్తారు? అందుకే సేకరణలో చాకులు ఇంట్లో ఉండాలి, జేబులో కాదు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి, రెండు పిడులు తిప్పి విన్యాసాలు చేసేవి అసలు కొనకపోతే ఏ గొడవా ఉండదు. చాకుతో రీలు తీసి పెట్టే పిల్లలకు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి.

హజ్, ఉమ్రా, గల్ఫ్ ప్రయాణాలకు ముందు చేతిసంచీ, కీచైన్ వెతికి చూసుకోవడం మంచిది. కీచైనుకు ఉన్న 58 మిల్లీమీటర్ల చిన్న చాకైనా సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు, మళ్లీ ఇవ్వరు.

సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి

బజారులో కాదు, ఇంట్లో. అమ్మమ్మ పాన్‌దాన్‌లో సరౌతా ఉంటుంది, తెలుగులో అడకత్తెర. ఇత్తడిదైతే పిడి ఆకారమే చూడముచ్చటగా ఉంటుంది. నర్సరీ పని తెలిసిన బంధువు ఇంట్లో అంటుకట్టే మడత చాకు ఉంటుంది. పాత బార్బర్ షాపుల్లో జర్మనీ సోలింగెన్ ముద్ర ఉన్న మంగలికత్తులు ఇంకా కనిపిస్తాయి. వాటి పిడి కూడా పిన్నులతో బిగించిన రెండు పలకలే, మార్చే పద్ధతీ అదే. ఇలా పనికో చాకు చొప్పున చేర్చుకుంటూ పోతే ఐదారు వస్తువులతోనే ఒక కుటుంబం బతికిన తీరు కళ్లకు కడుతుంది. ఆన్‌లైన్‌లో ఆఫరు చూసి కొన్న ఇరవై చాకుల కంటే ఇది చూడటానికి బాగుంటుంది, డబ్బూ తక్కువ.

ప్రతిదానికీ ఒక చీటీ రాయాలి: ఎవరిది, ఏ ఊరిది, ఏం పని చేసేది, పిడి ఎప్పుడు మార్చారు, పాత పలకలు ఎక్కడున్నాయి. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసుకోవాలి, తర్వాత చెప్పేవాళ్లు ఉండరు.

పిల్లలకు చూపించేటప్పుడు మర్యాద కూడా నేర్పాలి. మన ఊళ్లలో కత్తిని నేరుగా చేతికివ్వరు, కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. కారణం ఏదేదో చెప్తారు గానీ అలవాటు మంచిదే. బాణాలతో మసీదులోనో బజారులోనో నడిచేవాళ్లు వాటి మొనల్ని చేత్తో పట్టుకుని నడవాలన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండిట్లోనూ ఉంది. ఎవరికీ గీసుకోకూడదనే.

దాచే విషయంలో డెల్టా వాతావరణాన్ని మర్చిపోకూడదు. తోలు తొడుగులో చాకు పెట్టి మర్చిపోతే తోలు తేమను పీల్చి బ్లేడును తుప్పు పట్టిస్తుంది. తొడుగు పక్కన, చాకు పక్కన ఉండాలి. కొబ్బరినూనె రాస్తే కొన్నాళ్లకు జిగటగా మారుతుంది. పండ్లు కోసే చాకుకు మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ మంచిది. పాతకాలపు సెల్యులాయిడ్ పిడులుంటే వాటిని వేరే పెట్టెలో ఉంచాలి. అవి పాతబడేకొద్దీ వదిలే ఆవిరికి పక్క చాకుల బ్లేడులు కూడా తుప్పు పడతాయి, నిప్పు తగిలితే ఇట్టే అంటుకుంటాయి. కర్ర పిడి చాకులు వానాకాలంలో ఉబ్బి బ్లేడు తెరుచుకోక మొరాయిస్తే బలం ఉపయోగించొద్దు, నాలుగు రోజులు పొడి చోట ఉంచితే మళ్లీ వదులవుతాయి. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, జూన్‌లో తొలి వానలు పడ్డాక ఒకసారి, నవంబరు తుపాన్లు దాటాక ఒకసారి అన్నీ బయటికి తీసి తుడిచి, పల్చగా నూనె రాసి మళ్లీ పెట్టుకోవాలి.